మనిషెత్తు అక్షరాలు

పొద్దున్నే మొహం కడుక్కుని పెళ్ళాన్ని నాలుగు బాదితే గానీ కుంచె మేస్త్రికి చెయ్యి కుదురుకునేది కాదు. ఆ ఊపు చల్లారకముందే కుంచె ముంచి బోర్డు మీద ఒక్క విసురు విసిరేవాడు. గీత మొదట్లో రంగు ముద్దగా పడి, చివరికొచ్చేసరికి వెంట్రుకలు విడిపోయి గరుకుగా చీరుకుపోయేది. ఒళ్ళు మండే సంగతేమిటంటే, ఆ గరుకుకే ఊరంతా పడిచచ్చేది.

ఆ అక్షరాలు కొట్టేవి. విజిటింగ్ కార్డు మీదివైతే వేళ్ళకు చురుక్కుమనేవి, జానెడువి చెంప ఛెళ్ళుమనిపించేవి. బోర్డు కింద నడిచేవాళ్ళు తలమీద సంచీ అడ్డం పెట్టుకునేవారు. దుకాణాలవాళ్ళకు దొంగల బెడద తప్పింది. బోర్డులు తగిలించేది మాత్రం మేస్త్రి పెళ్ళామే. ఆవిడ జోలికి అవి వచ్చేవి కావు. హస్తవాసి మంచిదనుకున్నారు.

ఆవిడ చెల్లెలు బ్యానర్ల షాపులో కంప్యూటర్ పని చేసేది. ఎవరేం టైపు చేసినా బావ చేతిరాతలోనే వచ్చేట్టు, పెద్ద బోర్డులకూ పోస్టర్లకూ ఒక ఫాంటు చేస్తానంది. మేస్త్రి ఉబ్బిపోయి రోజుకో అక్షరం రాసిచ్చాడు. చెల్లెలు ఒక్క వెంట్రుక చారైనా చెరగకుండా స్కాన్ చేసుకునేది. 'అ' రాసిననాడు అక్క పెదవి చిట్లింది. 'హ' నాడు పన్ను ఊడింది. 'ళ' నాడు మణికట్టు విరిగింది. తన దగ్గరికి వచ్చెయ్యమని చెల్లెలంటే, వస్తే నిన్నూ చంపుతాడే అనేది అక్క. అక్షరాలు అయిపోవచ్చాయి. అక్క కూడా అయిపోవచ్చింది.

"ఇక 'క్ష' ఒక్కటే," అన్నాడు మేస్త్రి, చొక్కా చేతులు మడుస్తూ. "దీనికి చెయ్యి బాగా వేడెక్కాలి."

చెల్లెలు అప్పుడే తేల్చుకుంది. "అది తర్వాత రాద్దురుగాని బావగారూ. ముందు మీ పేరుతో బ్యానరు కొట్టించి వాకిట్లో కడదాం. ఎంత సైజు?"

"మనిషెత్తు."

"మనిషెత్తా? ఇంకోసారి ఆలోచించుకోండి."

"నా అక్షరాల సంగతి నాకే చెబుతావా? రెండు మనిషెత్తులు వెయ్యి."

తన రాత తననేం చేస్తుందని ధీమా. ఏనాడూ ఏ బోర్డు కిందా నిలబడ్డవాడు కాదు మరి.

అక్క కట్టు చేత్తోనే నిచ్చెనెక్కి బ్యానరు కట్టి, దిగి పక్కకు జరిగింది. మేస్త్రి మీసం దువ్వుకుంటూ వచ్చి కింద నిలబడ్డాడు. మొదటి అక్షరం దవడ పగలగొట్టింది. రెండోది పళ్ళు రాల్చింది. అడ్డం పెట్టిన కుడిచేతిని మూడోది మణికట్టు దగ్గర చెరుకుగడలా విరిచింది. వీధిలోవాళ్ళు సైకిళ్ళు ఆపి, పేరు పూర్తయ్యేదాకా చూసి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

మేస్త్రి బతికాడు. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ కుంచె పట్టలేదు, ఎవరిమీదకూ లేవలేదు.

అక్క ఆ బ్యానరు కిందే కూర్చుని కూరగాయలు తరుగుతుంది. ఈ అక్షరాలు నిన్నెందుకు కొట్టవే అని చెల్లెలు ఒకసారి అడిగింది.

"ఇందులో నేను తినని దెబ్బ ఏదుందే?" అంది అక్క.

ఫాంటులో 'క్ష' ఇప్పటికీ లేదు. కొడితే ఖాళీ గడి వస్తుంది. ఆ ఒక్క దెబ్బా అక్క తినలేదు.