మండువా నిండింది

వేసవి వెళ్ళగానే పడే తొలి వానని మేం కళ్ళాలు కడిగే వాన అంటాం. ఈసారి కళ్ళాలతో సరిపెట్టుకోలేదు, మధ్యాహ్నానికల్లా నాబుల్ ఊళ్ళో మా వీధంతా మోకాలిలోతు నీళ్ళు. మా ఆయన తీజానీ కుమ్మరి. సారె మీద పెట్టాల్సిన బంకమన్నంతా మోసుకొచ్చి వీధి తలుపు కింద, సందుల్లో, చీలికల్లో కూరాడు.

"చీమ కూడా దూరదు చూడు!" అని మీసం తిప్పాడు.

నిజమే, బయటినుంచి చుక్క రాలేదు. కానీ మాది మండువా ఇల్లు, పైన ఆకాశం తెరిచే ఉంది కదా. అరగంటలో మండువాలో నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి. కొట్టుగది గడప మునగడానికి ఇంకో రెండు వేళ్ళే. లోపల నేలమీద సంచుల్లో మా కుస్కుసు ఉంది. ఆగస్టంతా నేనూ పక్కింటి హల్లూమా కూర్చుని, చేతులు కాయలు కాసేలా రవ్వ నలిపి, ఆవిరిపట్టి, ఎండబెట్టిన ఏడాది తిండి. తడిసిందా, ఇక అంతే సంగతులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, బుర్రుందా నీకు? నీళ్ళు రాకుండా చేశావు సరే, పోయే దారేదీ?"

"మధ్యలో తూముంది కదే! కింద వాననీళ్ళ తొట్టి వేసవంతా ఖాళీగానే పడుంది. ఎందుకు దిగట్లేదో నాకేం తెలుసు?"

తూము అనగానే నాకు గుర్తొచ్చింది. కుస్కుసు చేసినన్నాళ్ళూ పిండీ పొట్టూ తాగే నీళ్ళు పట్టే ఆ తొట్టిలో పడకూడదని దాన్ని మూసింది నేనే. పాత దుప్పటిముక్క కుక్కి, పైన రాయి పెట్టి, శుభ్రంగా మరిచిపోయాను.

"అది... నేనే మూశానయ్యా."

"ఓసి నీ! ఇంతసేపూ నన్ను తిడుతున్నావా?"

"తర్వాత నువ్వు తిడుదువుగాని, ముందు రాయి లాగు!"

రాయి తేలిగ్గానే వచ్చింది. గుడ్డ మాత్రం ఉబ్బి బిగుసుకుపోయింది. నీళ్ళలో బోర్లాపడి, భుజందాకా చెయ్యి పెట్టి లాగాను. గోళ్ళు విరిగాయి. అప్పటికే నీళ్ళు గడపను తాకుతున్నాయి. తీజానీ నా నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు. గుడ్డ ఊడొచ్చింది, ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

తూము గుడగుడలాడింది. కాసేపటికి నీటిమట్టం వేలెడు తగ్గింది, తర్వాత జానెడు. అమ్మయ్య!

కొట్టుగదిలోకి పరుగెత్తి, చెయ్యి తుడుచుకుని, అడుగున ఉన్న సంచిలో మోచేతిదాకా దూర్చాను. పొడిగా ఉంది. గలగలమంటోంది. అక్కడే కూలబడి భోరుమన్నాను.

తీజానీ గుమ్మంలో నిలబడి ఒళ్ళంతా బురదతో నవ్వాడు.

"ఊరుకోవే తల్లీ! ఇప్పుడే కదా నీళ్ళు దిగాయి, మళ్ళీ నింపేస్తావా ఏంటి?"