మేడమ్ గుంట

సున్నం, మళ్ళీ సున్నమే, గేటు దగ్గర రాళ్ళకు సున్నం, వేపచెట్టు మొదలుకు సున్నం, దారికి రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు గీతలు, ఎవరో మంత్రిగారు శంకుస్థాపనకు వస్తున్నట్టుంది గాని, నరసరావుపేట బయట మురుగునీటి శుద్ధి కేంద్రం కడుతున్న చోట వాననీళ్ళ ఏర్పాట్లు ఎట్లా ఉన్నాయో చూడడానికి ఒక ఇంజనీరు వస్తున్నట్టు లేదు, అనుకుంటూ కారు దిగింది ఇంద్రజ, ఆ ఇంజనీరు తనే, ఆఫీసరు వస్తున్నాడంటే చాలు వీళ్ళ చేతులు వాటంతటవే సున్నం బక్కెట్టు వైపు పోతాయి, బుర్ర మాత్రం ఎటూ పోదు, ఇదుగో వస్తున్నాడు సైటు మేనేజరు చెన్నకేశవరావు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, రెండు చేతుల్లో రెండు కొబ్బరిబోండాలు, ఒకటి తనకైతే రెండోది ఎవరికో, ఈయనకే అయ్యుంటుంది, రండి మేడమ్ రండి, ఎండన పడి వచ్చారు, ముందు గొంతు తడుపుకోండి, పని ఎక్కడికి పోద్ది, పని ఎక్కడికీ పోదని నాకూ తెలుసు నాయనా, పోయేది మట్టి, అది వాగులోకి పోతోందా లేదా చూడడమే నా ఉద్యోగం, అని పైకి అనలేదు, బోండాం పుచ్చుకుంది, పుచ్చుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది, నీళ్ళు మాత్రం తియ్యగా ఉన్నాయి.

అంత పెద్ద సంగతేం కాదు, చిన్నపిల్లలకు చెప్పినా తెలుస్తుంది, ఇంత నేల తవ్వి ఇన్ని మట్టిగుట్టలు పోస్తే వాన పడ్డప్పుడు ఆ మట్టంతా కొట్టుకుపోతుంది, పోకుండా పల్లం వైపు గుడ్డ కట్టాలి, బురదనీళ్ళను ఒక గుంటలోకి మళ్ళించి నిలబెట్టాలి, మట్టి అడుక్కి దిగాక తేటనీళ్ళు మాత్రమే వాగులోకి వదలాలి, ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఇంత లావు నిబంధనలు రాశారు, అయినా వీళ్ళకు అందలేదు, ఆకుపచ్చ గుడ్డ ఏదయ్యా అంటే రోడ్డు పక్కన మిట్టమీద ఉంది, కల్యాణమండపానికి పరదా కట్టినట్టు కుచ్చిళ్ళు పెట్టి మరీ కట్టారు, పల్లం అటు గదండీ, వాగు అటు గదండీ అని వేలు చూపిస్తే చెన్నకేశవరావు నొచ్చుకున్నాడు, అటు కడితే ఎవరికి కనపడుద్ది మేడమ్, ఎవరికి కనపడాలండీ, వానకు కనపడితే చాలదా, ఆయన నవ్వాడు, మేడమ్ చానా సరదాగా మాట్లాడతారని పక్కనున్న పనివాళ్ళకు చెప్పాడు, సరదానట, ఇట్లాంటి మనిషి చేతుల్లో పెట్టారు ఒక ఊరి మురుగునంతా, పోనీలే, మనిషికి తగ్గ పనే.

గుంట ఉంది మేడమ్, పోయినసారి మీరు గుంట లేదన్నారు గదా, ఇప్పుడు చూడండి ఎట్టా తవ్వించామో, అంటూ ఆయన ముందు నడిచాడు, ఆ నడకలోనే తెలుస్తోంది ఏదో ఘనకార్యం చేశాడని, చేశాడు, గుంట లోపలి గోడలకు నున్నగా ప్లాస్టరింగు, దానిమీద మెరిసిపోయే సున్నం, సున్నం మీద ఎర్రటి పట్టీలు, ఒడ్డున పసుపూ కుంకుమా బంతిపూలూ, అడుగున పుల్లలేకుండా ఊడ్చిన నేల, కూర్చుని అన్నం తినొచ్చు, ఇంద్రజకు సత్తెనపల్లిలో అత్తగారి సోఫా గుర్తొచ్చింది, ఇన్నేళ్ళయినా దాని ప్లాస్టిక్ కవరు తీయనివ్వదు మహాతల్లి, ఎవరన్నా వస్తే బాగుండొద్దా అంటుంది, వచ్చినవాళ్ళను ఆ కవరు మీదే కూర్చోబెడుతుంది, లేస్తే చర్రుమని చప్పుడు, మొన్నంతా వానలు పడ్డాయి గదా, ఇందులో నీళ్ళేవి, బురదేది అని అడిగింది, చెన్నకేశవరావు ఛాతీ ఉబ్బింది, చుక్క పడనిస్తే గదా మేడమ్, చుట్టూ కట్ట పోయించా, పైనుంచి వచ్చే నీళ్ళు ఇటు రాకుండా పక్కన కాలవ కొట్టించా, కాపలాకు ఒక మనిషిని కూడా పెట్టా, అంటే నీళ్ళు పట్టడానికి తవ్విన గుంటలోకి నీళ్ళు రాకుండా కాపలా, ఆహా, ఈ తెలివికి ఏ బిరుదు ఇచ్చినా తక్కువే, కోపం కూడా రాలేదు ఇంద్రజకు, కోపం రావాలంటే ఎదుటివాడు కొంచెమన్నా మన ఎత్తులో ఉండాలి, మరి ఆ కాలవ ఎక్కడికి పోతుంది, వాగులోకేగా, మధ్యలో ఎవరిదో చేను ఉన్నట్టుంది.

ఆ చేను మనిషే కట్ట ఎక్కి వస్తోంది, కొంగు నడుముకు దోపి, చేతిలో పారతో, వచ్చిందమ్మా ఇంకొకతె, ఆఫీసు కారు కనపడితే చాలు అర్జీలు మొలుస్తాయి, ఇప్పుడు పరిహారం అంటుంది, ఏడుస్తుంది, ఎవడో నాయకుడి పేరు చెబుతుంది, ఇంద్రజ మొహం తిప్పుకోబోయింది, ఏమ్మా ఆఫీసరమ్మా, మేడమ్ గుంట మేడమువి నువ్వేనా, అంది ఆ మనిషి, ఏ గుంట, మేడమ్ గుంట, ఇదే, కూలోళ్ళంతా దీన్ని అట్టాగే అంటారు, మేడమ్ వచ్చి సూసేదాకా దీనికి తడి తగలనియ్యొద్దంట గదా, ఆ నీళ్ళన్నీ నా మిరప నారుమడి మీదకి తోలారు, నారంతా బురదకింద పూడిపోయింది, మళ్ళీ పోశా, ఇప్పుడిప్పుడే మొలకొచ్చింది, ఇది పోతే ఈ యేటికి మిరప లేదు, అదును దాటిపోద్ది, నీ పరిహారం నాకేం వద్దు, ఆ కాలవ తిప్పించు చాలు, ఏమే హనుమాయమ్మా, మేడమ్‌తో అట్టాగేనా మాట్లాడేది, అని చెన్నకేశవరావు గదిమాడు, ఎట్టా మాట్లాడాలో నువ్వు సెప్పబాకు, అంది హనుమాయమ్మ, ఇంద్రజకు ఆ మాటలేవీ సరిగా వినపడలేదు, మేడమ్ గుంట అన్న రెండు ముక్కలే చెవిలో తిరుగుతున్నాయి, తన పేరు పెట్టారు దీనికి, తన చదువుకూ తన ఉద్యోగానికీ ఈ ఊళ్ళో ఇచ్చిన గౌరవం ఒక గుంట, అదీ ఎండిన గుంట, మొహం భగ్గుమంది.

కోటప్పకొండ వైపు నల్లగా కమ్ముకొస్తోంది, చల్లగాలి, వెంటనే మట్టివాసన, మేడమ్ మీరు కారెక్కండి, భోజనం ఏర్పాటు చేశాం, వానొస్తే దారంతా బురద, అవును బురద, కొత్త చెప్పులు, జిల్లేడు పువ్వు రంగు చీర, రేపు నోటీసు పంపితే సరిపోతుంది, ఈ మూర్ఖులతో తడుస్తూ నిలబడితే ఏమొస్తుంది అనుకుంటూ రెండడుగులు కారు వైపు వేసింది, చినుకులు టపటపమన్నాయి, చెన్నకేశవరావు గొడుగు విప్పి నెత్తిన పట్టాడు, వానలో ఇన్‌స్పెక్షన్ ఏంది మేడమ్, ఎవరన్నా చేస్తారా, పొద్దున కూడా మీ ఆఫీసోళ్ళే గదా ఫోన్ చేసి అడిగింది, అక్కడ వానేమన్నా ఉందా, లేకపోతేనే మేడమ్ బయల్దేరతారు అని.

ఆ ఫోన్ చేయించింది తనే, ప్రతిసారీ తనే చేయిస్తుంది, అక్కడ వాన లేదని తెలుసుకునే కారు తీయమంటుంది, ఉందంటే వచ్చేవారం అంటుంది, ఆఫీసులో అందరూ అంతే, ఎవరికీ అది వింతగా అనిపించలేదు, మాచర్లలోనూ గురజాలలోనూ సత్తెనపల్లిలోనూ ఎన్ని సైట్లు, ఎన్ని గుంటలు, అన్నీ పొడిగా, అన్నీ ఎండలో, ఇంద్రజ నిలబడిపోయింది, అప్పటికే మట్టిగుట్టల మీదనుంచి ఎర్రటి నీళ్ళు జారుతున్నాయి, కట్ట దాకా వచ్చి, గుంటను అంటకుండా ఒద్దికగా పక్కకు తిరిగి, కాలవలో పడి పల్లానికి ఉరికాయి, కింద హనుమాయమ్మ పరుగెత్తింది, పారతో మట్టి లాగి మడికి అడ్డం వేస్తోంది, వేసిన మట్టి వేసినట్టే పోతోంది, పార పడేసి ఒంగి రెండు చేతులతో ఎత్తిపోస్తోంది, గొడుగు తోసేసింది ఇంద్రజ, పొక్లెయిన్ దగ్గరకు నడిచింది, చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, ఆ కట్ట తెంచు, గుంటలోకి తిప్పు నీళ్ళు, ఆపరేటరు మేనేజరు వైపు చూశాడు, ఆయన మొహం సూస్తావేంది, నేను సెప్తన్నా, తెంచు, ఎన్నాళ్ళయిందో తన నోటివెంట ఆ పుట్టినూరి మాట తీరు వచ్చి, మేడమ్ మేడమ్ సున్నం, సున్నం పాడైపోద్ది మేడమ్, అని వెనకనుంచి చెన్నకేశవరావు, ఆ మాటకు నవ్వుదామనుకుంది, నవ్వు రాలేదు, ఇంతసేపూ ఆ మనిషిని చూసి పుట్టిన ఏవగింపంతా ఇప్పుడు ఎటు పోవాలో తెలియక తన దగ్గరే ఆగిపోయింది, కట్ట తెగింది, నీళ్ళు భళ్ళున గుంటలోకి పడ్డాయి, కాలవలో ధార సన్నబడింది, కింద మడిలో సగం మొలకలు ఇంకా పచ్చగా నిలబడి ఉన్నాయి, హనుమాయమ్మ నడుం పట్టుకుని పైకి చూసింది, పాపం ఆ చెన్నకేశవరావుకు మాత్రం ఏం తెలుసు, ఎప్పుడూ ఎండలో వచ్చే మనిషికి ఎండలో చూపించాల్సింది చూపించాడు, తల మీదనుంచి కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండా ఇంద్రజ అక్కడే నిలబడింది, వాననీళ్ళు చూడమని ఉద్యోగమిస్తే ఇన్నేళ్ళూ తను తనిఖీ చేసింది ఎండనే.