వంకీల కుదురు

నాకు కోపం ఎక్కువ. కొత్తవలస స్టేషన్ రోడ్డులో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కనుబొమ్మలు తీయించుకుంటూ ఫోన్ చూసే ఆడపిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కుని సొరుగులో పడేసిన రోజులున్నాయి. అయినా ‘నీలవేణి లేడీస్ బ్యూటీ పార్లర్’ పద్నాలుగేళ్లుగా నడుస్తోందంటే, నా నోటికన్నా నా చెయ్యి మంచిదని అర్థం.

నా నోటికి సరిజోడు గున్నమ్మ. శృంగవరపుకోట అవతల కొండ కింద వాళ్ల ఊరు. సొంత చేలో కాసిన కూరగాయలు గంపకెత్తుకుని మొదటి బస్సులో దిగి, తొమ్మిదిన్నరకల్లా నా పార్లర్ మెట్ల ముందు గంప దించుతుంది. తలకి ఎప్పుడూ తువ్వాలు. తువ్వాలు మీద పాత చీర ముక్క మెలిపెట్టి గుండ్రంగా చుట్టిన కుదురు. కుదురు మీద గంప. నేను వంకాయలు పుచ్చులంటాను, ఆవిడ నా కళ్లకే పుచ్చు పట్టిందంటుంది. పదేళ్లుగా ఇదే మా పలకరింపు. మా వైపు అక్కని పిలిచినట్టు నేను అప్పా అంటాను, ఆవిడ సెల్లీ అంటుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ నా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

మాఘమాసంలో ఒక సోమవారం గంప మెట్ల మీదే వదిలేసి లోపలికొచ్చింది. వచ్చి తలుపు మూసింది.

“ఎవులూ లేరు కదా?”

“లేరు. ఏటైంది అప్పా?”

గున్నమ్మ తువ్వాలు విప్పింది. నడినెత్తి మీద అరచేయంత మేర ఒక్క వెంట్రుక లేదు. చర్మం నున్నబడి మెరుస్తోంది. చుట్టూ మిగిలిన జుత్తు మొక్కజొన్న పీచులా పల్చగా ఉంది. ముప్పై ఏళ్లుగా గంప కూర్చున్న చోటు అది. రోజూ ఆ తల చూస్తూ కూడా తువ్వాలు కింద ఏముందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అందరి తలలూ చూసి బతికేదాన్ని, సిగ్గేసింది.

“వొచ్చే శుక్రారం మా హేమ పెళ్లి,” అంది.

“తెలుసు. శుభలేఖ ఇచ్చేవు కదా.”

“పీటల మీద మా తోటికోడల్ని కూకోమన్నాను.”

“నీ కూతురి పెళ్లికి నీ తోటికోడలు కూకోడమేటి? నీకేటొచ్చింది?”

అప్పుడు చెప్పింది. నిశ్చితార్థం నాడు ఉన్న జుత్తే అటూ ఇటూ దువ్వి కొప్పు పెట్టుకుని, తాంబూలం పళ్లెం అందించడానికి వంగింది. వీడియో తీసేవాడు సరిగ్గా అప్పుడే పైనుంచి తీశాడు. తర్వాత ఫోన్‌లో అది చూస్తూ మగపెళ్లివారి పిల్లలు “పెద్దమ్మ బుర్ర మీద రూపాయి కాసు” అని నవ్వుకున్నారు. గున్నమ్మ వెనకే నిలబడి విన్నది. ఇప్పుడు పెళ్లిలో భర్త సోములు అల్లుడి కాళ్లు కడుగుతుంటే, ఆవిడ పక్కన కూర్చుని వంగి చెంబుతో నీళ్లు పొయ్యాలి. పందిట్లో అందరికీ కనపడేలా పెద్ద తెర కూడా పెడుతున్నారట.

“మోకాలు నొప్పి, కూకోలేనని హేమతో సెప్పేను. రెండ్రోజులై అది నాతో మాటాడ్డం నేదు. నువ్వేనా నన్ను కన్నాది అని ఒక్క మాటే అన్నాది. నాకు కూకోవాలనే ఉన్నాది సెల్లీ. ఏటైనా దారుంటే సెప్పు.”

ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పైకి విసుక్కుంటూనే కుర్చీ చూపించాను.

విగ్గు తెప్పిస్తానన్నాను. ససేమిరా అంది.

“ఎవులో దేవుడికి మొక్కిచ్చిన జుత్తు నెత్తినెట్టుకుని కన్యాదానం సెయ్యమంటావేటి?”

వేడి ఇనుముతో వంకీలు తిప్పుదామంటే ఆ పీచు జుత్తు కాలి రాలిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది, పై అరలో దుమ్ము పట్టి పడున్న సరుకు. నిరుడు ఫోన్‌లో చూసి మోజుపడి తెప్పించాను. శాటిన్ గొట్టం, లోపల దూది. తల చుట్టూ గుండ్రంగా పెట్టి, తడి జుత్తు పాయలుగా తీసి దానికి చుట్టాలి. ఆరేడు గంటలు అలా వదిలేస్తే వేడి తగలకుండానే వంకీలు తిరుగుతాయి. వంకీ తిరిగిన జుత్తు పైకి లేచి రెట్టింపు కనిపిస్తుంది. అంతసేపు ఆగే ఓపిక మా కొత్తవలస ఆడపిల్లలకి లేదు, అందుకే అది అరెక్కింది.

“వంకీలు నాకు కొత్తేటి?” అంది గున్నమ్మ, నేను జుత్తు తడుపుతుంటే. “సిన్నప్పుడు నా జుత్తంతా వంకీలే. అదే మా హేమకి వొచ్చినాది. దువ్వెన దిగదు దానికి.”

నిజమే. హేమని నేను రెండుసార్లు చూశాను. ఎవరూ చెయ్యి పెట్టకుండానే నడుం దాకా వంకీలు తిరిగిన జుత్తు. నాలాంటి దానికి ఆ పిల్లతో పనే లేదు.

చుట్టడం అయ్యాక అద్దం చూపించాను. గున్నమ్మ తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“ఇది కుదురే కదే.”

“కుదురు కాదు, కర్లర్.”

“ఏదైతేనేటి. గుండ్రంగా సుట్టి నెత్తినెట్టేవు.”

“సాయంత్రం నాలుగింటిదాకా దాని మీద చెయ్యి పడకూడదు. పైన తువ్వాలు వదులుగా కప్పుకుని స్టేషన్ బెంచీ మీద కుదురుగా కూకో. తర్వాత వచ్చి విప్పించుకో,” అని గట్టిగా చెప్పి పంపాను.

అరగంట తర్వాత టీ తాగుదామని బయటికొచ్చాను. ఎదురుగా గున్నమ్మ. నెత్తిన నిండు గంప, గంప కింద, పక్కకి తొలగిన తువ్వాలులోంచి నా శాటిన్ కర్లర్. ఒక చెయ్యి గాల్లో ఊపుకుంటూ, ఆనపకాయలో అని కేకేసుకుంటూ నడిచి పోతోంది.

నేనరిచిన అరుపుకి గిరుక్కున తిరిగింది. శాటిన్ జారిపోయింది. గంప ఒరిగి ఆనపకాయలు, వంకాయలు ఆటో స్టాండ్ దాకా దొర్లాయి. కర్లర్ ఒక పక్కకి జారి చెవికి వేలాడింది.

“బుర్రుందా నీకు? ఏం సెప్పి పంపేను, ఏటి సేసేవు? ఆ బుర్రతో...”

అక్కడికి నాలుక కరుచుకున్నాను. ఆటోవాళ్లంతా చూస్తున్నారు. బుర్ర గురించే కదా ఆవిడ నా గుమ్మం తొక్కింది, అదే మాట రోడ్డు మీద అనేశాను. రోజూ నాలుగు మాటలకి నలభై అప్పజెప్పే మనిషి కింద కూర్చుని వంకాయలు ఏరుకుంటోంది. నేనూ కూర్చుని ఏరాను.

“నెత్తి మీద గుండ్రంగా ఏటన్నా తగిల్తే సేతులు గంప కేసి ఎల్పోతాయి సెల్లీ. నాను సెప్పకుండానే ఎల్పోతాయి,” అంది మెల్లిగా. “పోనీలే. తోటికోడలే కూకుంటాది.”

“నువ్వు లేచి లోపలికి పద,” అన్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి చుట్టలు విప్పాను. చాలావరకు పాడయ్యాయి. కానీ గంప బరువు నొక్కిన చోట, జారకుండా మిగిలిన రెండు పాయలు మాత్రం అరగంటకే వంకీ తిరిగి ఉన్నాయి. వేలితో లాగి వదిలితే మళ్లీ వంకీలోకే పోతున్నాయి. నేను వాటినే చూస్తుంటే, గున్నమ్మ నా శాటిన్ గొట్టాన్ని చేత్తో నొక్కి పెదవి విరిచింది.

“ఇది జారిపోతాది. దీన్ని సేసినోడు జల్మలో ఏటీ మొయ్యనేదు.”

గంపలోంచి తన పాత నూలు చీర ముక్క తీసింది. రెండు మెలికలు వేసి, చుట్టి, కొస లోపలికి దోపింది. నిమిషం పట్టలేదు. గట్టిగా, గుండ్రంగా, అచ్చు ఆ తలకి కొలిచినట్టుంది. మెత్తటి నూలు, జుత్తు తడి పీల్చుకుంటుంది, జారదు. దానికే పాయపాయగా చుట్టాను, పైన ఇంకో గుడ్డతో బిగించి కట్టాను. ఆ రోజు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లని రేపు రమ్మని పంపేసి, ఆవిడ కుర్చీ లోంచి లేవకుండా ఎదురుగా కాపలా కూర్చున్నాను. కూరగాయలన్నీ నా మెట్ల మీద కూర్చుని అమ్మింది, నేను ఫోన్ చేసి రప్పించిన నా చెల్లెలు కుమారి.

నాలుగింటికి విప్పాను. పీచులా పడుండే జుత్తు నిండుగా లేచింది. పక్క వంకీలు నాలుగు నడినెత్తి మీదికి తెచ్చి పిన్నులు పెడితే ఖాళీ ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. గున్నమ్మ అద్దంలో చాలాసేపు చూసుకుంది. రెండు వేళ్లతో నడినెత్తి తడుముకుంది.

“కూకుంటాను,” అంది.

గురువారం సాయంత్రం వాళ్ల ఊరు వెళ్లి ఆవిడ కుదురుకే జుత్తు చుట్టాను. శుక్రవారం పొద్దున్న విప్పి పిన్నులు పెడుతుంటే హేమ గుమ్మంలోకి వచ్చింది. బాసికం కట్టించుకోవాల్సిన పిల్ల, తల్లి నెత్తిని, నా చేతిలో పిన్నులని చూస్తూ నిలబడిపోయింది. మోకాలు నొప్పి సంగతి అప్పుడు అర్థమైంది దానికి. నా పక్కన కూర్చుని పిన్నులు ఒక్కొక్కటీ అందించింది. గున్నమ్మ అద్దంలో కూతుర్ని చూసి తల దించుకుంది.

పది గంటల ఇరవైకి ముహూర్తం. పదింటికి పంతులుగారు నీళ్లు అడిగారు. పందిట్లో ఉన్నవి డబ్బా నీళ్లు. అవి పనికిరావు, బావి నీళ్లు తెమ్మన్నారు. బావి ఇంటి వెనక, చేను గట్టు దాటాక ఉంది. తోటికోడలు ఇత్తడి బిందె తీసుకుని వెళ్లింది కానీ, నిండు బిందె ఎత్తలేక గట్టు మీదే సగం ఒలకబోసి, పట్టుచీర తడుపుకుని వట్టి చేతులతో తిరిగొచ్చింది. పంతులుగారు గడియారం చూస్తున్నారు.

గున్నమ్మ నా వైపు తిరిగింది.

“కుదురు నీ సంచీలో ఉన్నాదా సెల్లీ?”

లేదని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. నా నాలుగు రోజుల కష్టం నిలిచేది, ఆవిడ పరువూ నిలిచేది. కానీ ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు.

“ఉన్నాది. కానీ అప్పా, నెత్తినెట్టుకుంటే అంతా అణిగిపోతాది.”

“తెల్సు. ఈపాలి సేతులు వాటంతటవే ఎల్లడం నేదు. నానే ఎల్తన్నాను. నా బిడ్డ పెళ్లి నీళ్లు ఇంకోరు తేడమేటి?”

కుదురు ఇచ్చాను.

చేను గట్టు మీద నుంచి వస్తుంటే పందిరంతా తల తిప్పి చూసింది. నిండు బిందె నెత్తి మీద ఉంది, పట్టుకోడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. కుదురు కింద నుంచి వంకీలు రెండు పక్కలా ఊగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా.

బిందె దించి కుదురు తీసేసరికి నడినెత్తి పూర్తిగా బయటపడింది. నేను పిన్నులు పట్టుకుని పరిగెత్తాను. వద్దన్నట్టు చెయ్యి చూపించింది.

“ముహూర్తం దాటిపోతాది. నువ్వు కూకో.”

పీట మీద కూర్చుంది. సోములు అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టుకున్నాడు. గున్నమ్మ వంగి చెంబుతో నీళ్లు పోసింది. పెద్ద తెర మీద ఆవిడ నడినెత్తి అరచేయంత కాదు, గంపంత కనిపించింది. ఎవరైనా నవ్వితే వాళ్ల సంగతి తేలుద్దామని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. మగపెళ్లివారి ముసలావిడ ఒకామె పక్కనున్న ఆమెతో, “అంత దూరం మోసినాది, సుక్క తొణకనేదు” అంది. హేమ మాత్రం పెళ్లికొడుకుని చూడటం లేదు. తల్లి నెత్తి వైపే చూస్తూ ఏడుస్తోంది. తలంబ్రాలయ్యాక చూస్తే పీట పక్కన పెట్టిన కుదురు కనపడలేదు.

రెండు వారాల తర్వాత తొమ్మిదిన్నరకి గున్నమ్మ మెట్ల ముందు గంప దించింది. తలకి తువ్వాలు లేదు. కుదురు కొత్తది, పచ్చ చీర ముక్కతో చుట్టింది.

“పాత కుదురేది అప్పా? నేను వెతికేను ఆ రోజు.”

“హేమ అత్తోరింటికి పట్టుకెల్పోనాది. సారె పెట్టెలో పట్టుసీరల మీదెట్టుకున్నాది.”

“దాంతో దానికేటి పని?”

“నానూ అదే అడిగేను. జుత్తుకి వంకీలు పెట్టుకుంటానమ్మా అన్నాది.”

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. దువ్వెన దిగని వంకీల జుత్తు హేమది. నేను గంపలో చెయ్యి పెట్టి ఒక వంకాయ తీశాను.

“పుచ్చులు,” అన్నాను.

“నీ కళ్లకే పట్టినాది పుచ్చు,” అంది గున్నమ్మ, కొంగుతో తన కళ్లు తుడుచుకుంటూ.