దక్షిణపు గోడ మీది మైక్రోమీటర్

ఉదయం ఐదూ నలభైకి మెర్విన్ పెన్‌హేల్ షెడ్డు తలుపు తెరిచి, టీ కప్పును ఇనుమును తిప్పి చెక్కే లేత్‌కు దూరంగా ఆయిలు డ్రమ్ము మీద పెట్టాడు. తర్వాత కొలత పనిముట్లు ఏ గోడ మీద ఉన్నాయో చూశాడు. దక్షిణపు గోడ మీదే ఉన్నాయి. ఆ రేకు గోడకు ఒక్క మేకు కూడా లేదు. వెర్నియర్, మూలమట్టం, మూడు మైక్రోమీటర్లు వరుసగా రేకును అంటుకుని ఉన్నాయి.

"మళ్ళీ వెళ్ళిపోయాయా?" వెనక నుంచి కూతురు నరెల్ అడిగింది.

"వెళ్ళాయి."

"నిన్న సాయంత్రం నేనే కదా తెచ్చి తగిలించాను. మొండి సరుకు. అచ్చం అమ్మే."

వాళ్ళమ్మ ఐలీన్ నలభై ఏళ్ళు ఆ పనిముట్లను చూసుకుంది. ప్లైవుడ్ పలక మీద ఒక్కోదాని ఆకారం తెల్ల రంగుతో గీసి, పలకను దక్షిణపు గోడకు బిగించింది. వాడినదాన్ని తుడిచి, నూనె రాసి, దాని గీతలోకే చేర్చేది. మెర్విన్ పని మీది నుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపితే కావలసింది అరచేతిలో పడేది. అది అక్కడే ఎందుకు ఉందని అతను ఎప్పుడూ అడగలేదు. జూలైలో ఆమె పోయింది. తుంటి ఆపరేషన్ తర్వాత అతనికి లేత్ నుంచి పలక దాకా పదకొండు అడుగులు వెయ్యడం నరకమైంది. క్రిస్మస్ వేసవి సెలవుల్లో నరెల్ పలకను విప్పి లేత్ పక్కనే, పడమటి గోడకు బిగించింది. చెయ్యి చాపితే చాలు. ఆ రోజు నుంచీ పనిముట్లు రాత్రికి పాత చోటికి పోతున్నాయి.

"మేకులు పొడుగువి కొట్టు," అంది ఎదురింటి బెవ్. అంతకు మించి ఆ ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు.

నరెల్ భర్త కెల్‌కు రొయ్యల పడవ ఉంది. దాని ప్రొపెల్లర్ షాఫ్టు అరిగిపోయింది. శుక్రవారం వేట మొదలవుతుంది. రేవులోని వర్క్‌షాపు వాళ్ళు మూడు వారాలు ఆగమన్నారు. అందుకని మామగారే లేత్ మీద కొత్తది తిప్పుతున్నాడు. బేరింగ్ కూర్చునే చోట సరిగ్గా అరవై మిల్లీమీటర్లు ఉండాలి. కాస్త లావైతే బేరింగ్ బిగుసుకుని, వేడెక్కి, పట్టేస్తుంది.

బుధవారం నరెల్ పెద్ద మైక్రోమీటర్‌ను కంచె తీగతో పడమటి పలకకు కట్టేసింది.

"దానికి గొలుసేశావా?" అన్నాడు కెల్. "నాకింకా వెయ్యనందుకు సంతోషించాలి."

"నీకూ ఆ రోజొస్తుందిలే."

"విన్నావా పెద్దాయనా? నీ కూతురే!"

"నా కూతురు కాదు, ఐలీన్ కూతురు," అన్నాడు మెర్విన్.

గురువారం తెల్లవారేసరికి మిగతావన్నీ దక్షిణపు గోడ చేరాయి. పెద్ద మైక్రోమీటర్ మాత్రం తీగ చివర గాలిలో అడ్డంగా, దక్షిణం వైపు సాగి నిలబడి ఉంది. తీగ బిర్రుగా ఉంది.

"విప్పెయ్యనా?" అన్నాడు మెర్విన్.

"పనయ్యేదాకా ఉండనీ నాన్నా. ఒక్క రోజు. నీ తుంటి చూసుకో."

అతను విప్పలేదు.

ఆ రోజు ఎండ నలభై మూడు డిగ్రీలు. నాలుగు గంటలకు సూర్యుడు పడమటి రేకు మీదే ఉన్నాడు. షాఫ్టును తడి గోనెలో చుట్టి చల్లార్చి, మెర్విన్ చెయ్యి చాపి మైక్రోమీటర్ అందుకున్నాడు. ముందుగా, నరెల్ పొద్దున్నే తెచ్చి ఆ పలక మీదే తగిలించిన కొలత కడ్డీతో దాన్ని సరిచూశాడు. రెండూ ఒకే వేడిలో ఉన్నాయి, ఒకే మాట చెప్పాయి. తర్వాత షాఫ్టు కొలిచాడు. అరవై.

ఆ రాత్రే షాఫ్టును పడవకు బిగించుకుని, శుక్రవారం పొద్దున కెల్ వేటకు వెళ్ళాడు. శనివారం పదకొండింటికి రేడియోలో చెప్పారు. బేరింగ్ పట్టేసింది, ఇంజను ఆగింది, గాలి పడవను రాళ్ళ మీదికి నెట్టింది. పనివాళ్ళిద్దరినీ పక్క పడవ ఎక్కించుకుంది. లంగరు వెయ్యడానికి ముందుకు వెళ్ళిన కెల్ సోమవారం ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

శనివారం మధ్యాహ్నమే మెర్విన్ తీగ కోసేశాడు. ఆదివారం ఉదయం మైక్రోమీటర్ దక్షిణపు గోడ మీద ఉంది.

పోలీసు అధికారి వచ్చినప్పుడు నరెల్ టీ కలుపుతోంది.

"నా కళ్ళు," అన్నాడు మెర్విన్. "గీత తప్పు చదివాను. ఇక లేత్ ముట్టను."

"వేరే కారణమేమైనా...?"

"లేదు. రాసుకోండి. కళ్ళు."

నరెల్ ఆ కళ్ళను క్షమించలేదు. అంత్యక్రియల్లో తండ్రి పక్కన కూర్చోలేదు.

తొమ్మిది రోజుల తర్వాత అతని కోటు ఉతకడానికి తీస్తే, జేబులో గుడ్డ చుట్టిన ఇనుప ముక్క దొరికింది. బేరింగ్ కూర్చునే కొలతకే తిప్పి, షాఫ్టు కొన నుంచి కోసిన ముక్క. దాని మీద తండ్రి చేతిరాత: "పడమటి గోడ, సాయంత్రం నాలుగు: 60.00. దక్షిణపు గోడ, ఉదయం ఆరు: 60.02."

పడమటి ఎండకు సాగిన మైక్రోమీటర్, చల్లార్చిన ఇనుము లావును తగ్గించి చెప్పింది. ఆమె షెడ్డులోకి వెళ్ళింది. సూర్యుడు ఉత్తరంగా నడిచే ఆ దేశంలో ఎండ సూటిగా తగలని, మేకుల్లేని దక్షిణపు గోడ మీద పనిముట్లన్నీ చల్లగా ఉన్నాయి. పెద్ద మైక్రోమీటర్‌ను చేతిలోకి తీసుకుంది. తాను తీగ కట్టిన చోట, ఉక్కు చట్రంలోకి ఒక గాడి దిగి ఉంది. తల్లి నేర్పినట్టే, లోతు చూసే వెర్నియర్ తోకను గాడిలోకి దించి కొలిచింది. లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు.