వేరు వేరు కవర్లు

చేతులు జోడించి తల వంచితే ఆ దణ్ణం నిజంగా స్వామిని చేరుతుందా, లేక పెట్టినవాళ్ళ మెడనొప్పి దగ్గరే ఆగిపోతుందా అన్నది తత్సుయో మిజోబెకి ఏళ్ళ తరబడి తేలని సందేహం. నాగిహమా ఊళ్ళో రేవుదారీ కొండదారీ కలిసే మలుపులో మోకాలెత్తు రాతి విగ్రహంగా జిజో స్వామి ఉన్నాడు. రోజూ పొద్దున్న పురపాలక ఆఫీసుకు సైకిల్ మీద పోతూ ఆవిడ అక్కడ దిగి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ ఎక్కుతుంది. దిగని రోజున మనసు పీకుతుంది. దిగిన రోజున ఏం ఒరిగిందో మాత్రం తెలియదు. ఇది భక్తేనా, అలవాటుకు భక్తి అని పేరు పెట్టుకున్నానా అని గుడి పూజారిని అడుగుదామంటే ఆయనకు తద్దినాలతోనే తీరిక ఉండదు. భర్తను అడిగితే, "దిగడం మంచిదే. బ్రేకులు పడుతున్నాయో లేదో తెలుస్తుంది" అన్నాడు.

ఆ సందేహానికి తోడు ఒక బాకీ కూడా ఉంది. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడినప్పుడు, ఆవిడ లేచి నడిస్తే కొత్త ఎర్ర చొంగగుడ్డ నా చేత్తో కుట్టి కడతానని తత్సుయో ఆ జిజోకి మొక్కుకుంది. పసిపిల్లలను కాచే స్వామి కనుక మెడలో చొంగగుడ్డే ఆయనకు నగ. అత్తగారు లేచింది, నడిచింది, కోడలి పులుసుకు వంకలు పెట్టింది, నిండు వయసులో వెళ్ళిపోయింది కూడా. గుడ్డ మాత్రం కుట్టలేదు. పాతది ఎండకు వెలిసి, వానకు చివికి, ఒక తుపానులో ఎటో ఎగిరిపోయింది. అప్పటి నుంచి స్వామి బోసి మెడతోనే నవ్వుతున్నాడు.

ఇలాంటి సందేహాలేవీ లేని అదృష్టవంతుడు కుబొజోనో. ఆఫీసులో నివాస నమోదు విభాగానికి ఆయన అధికారి, తత్సుయోకి పైవాడు. ఆయన దేవుడు నిబంధన. నిబంధన ఎందుకు పుట్టిందో ఆయనకు పట్టదు. కాగితం మీద ఉందా, కింద ముద్ర పడిందా, అంతే. ఎవరికైనా ఈమెయిల్ పంపితే అందులోని పత్రానికి తాళం వేసి పంపేవాడు. మరుక్షణం అదే మనిషికి, అదే చిరునామాకు, తాళంచెవి ఇంకో ఈమెయిల్లో పంపేవాడు. ఏడాది చివరి విందుకు ఎవరికి ఏ చేప కావాలో అడగడానికి కూడా అంతే. మొదటి ఈమెయిల్ దొంగిలించినవాడికి రెండోది దొంగిలించే తీరిక ఉండదని ఆయన నమ్మకం కాబోలు.

ఆఫీసుకు కొత్త పెన్‌డ్రైవ్ వచ్చిన రోజు కుబొజోనో అందరినీ లేపి నిలబెట్టి, దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించాడు.

"ఇందులో ఏం పెట్టినా గుప్తలిపిలోకి మారిపోతుంది. పాస్‌వర్డ్ లేకుండా దీన్ని తెరవడం మనిషి తరం కాదు. పదిసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా తనంతట తనే చెరిపేసుకుంటుంది."

"అబ్బ! ప్రాణం తీసుకుంటుందన్నమాట" అన్నాడు ఉపాధికారి ఒగినొమె, కళ్ళు చెమ్మగిల్లేంత గౌరవంతో. పైవాడు తుమ్మినా నోట్ చేసుకునే రకం ఒగినొమె.

"అందుకని దీన్ని బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే ఇద్దరు వెళ్ళాలి. పెన్‌డ్రైవ్ ఒక కవరులో, పాస్‌వర్డ్ వేరే కవరులో. రెండూ ఒకే కవరులో ఉండకూడదు. అర్థమైందా?"

అర్థమైందని అందరూ తల వంచారు. తత్సుయో కూడా వంచింది. అది మాత్రం ఎవరినీ చేరని దణ్ణమని ఆవిడకు ఆ క్షణమే తెలుసు.

కుబొజోనో మూర్ఖత్వాన్ని చూసి నవ్వుకుని ఊరుకునేదే, మినోరి ఇబుకి లేకపోతే. ఇబుకి కిందటి వసంతంలో, నిద్రపోతున్న కూతుర్ని వీపున కట్టుకుని, కోటు కాలరు చెవుల దాకా లాక్కుని కౌంటరు ముందు నిలబడింది. మొగుడి దెబ్బలకు ఓర్చుకోలేక పారిపోయి వచ్చింది. అంతకుముందు రెండు ఊళ్ళలో అతను జాడ పట్టేశాడు. చిరునామా ఎవరికీ ఇవ్వకూడదని నమోదు చేయించుకోవడానికి వచ్చింది.

"ఎవరొచ్చి అడిగినా చెప్పరు కదా?" అంది.

"చెప్పం."

"చెప్పం అంటే ఆఫీసా, మీరా?"

తత్సుయో పెన్ను కింద పెట్టి, "నేను" అంది.

ఆ తర్వాత ఇబుకి చేపముద్దల కార్ఖానాలో పనికి కుదిరింది. కూతుర్ని బాలబడి దగ్గర దింపుతూ రోజూ మలుపులో ఎదురై తల వంచేది. ఆ తల వంచడంలో ఏదో బరువుండేది.

శరదృతువులో ఊరందరికీ ఉచిత వైద్య పరీక్షల కార్డులు పంపాలి. అచ్చువేసేది పక్క ఊరి ముద్రణాలయం. ఊరి చిరునామాలన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి. దాక్కుని బతుకుతున్నవాళ్ళ కార్డులు మామూలు పోస్టులో పోకూడదు కాబట్టి వాళ్ళ పేర్ల పక్కన కుబొజోనో నక్షత్రం గుర్తు పెట్టించాడు. దాక్కున్నవాళ్ళెవరో వెతుక్కునే శ్రమ కూడా ఎవరికీ లేకుండా.

ఆ పొద్దున వాన. కుబొజోనో, ఒగినొమె ఇద్దరూ ఆఫీసు తెల్లకారులో బయలుదేరారు. మధ్యాహ్నానికి తడిసిన పిల్లుల్లా తిరిగొచ్చి, తలుపు మూసి, విభాగంలో వాళ్ళందరినీ పిలిచారు.

"పోయిందా?" అంది తత్సుయో వాళ్ళ మొహాలు చూసి.

"పోయింది అనకండి" అన్నాడు కుబొజోనో. "ప్రస్తుతం ఎక్కడుందో నిర్ధారణ కాలేదు."

ఒగినొమె నసుగుతూ చెప్పాడు. దారిలో ఉదోన్ నూడుల్స్ కొట్టు దగ్గర ఆగి తిన్నారు. తిని బయటికొచ్చి, గొడుగు మడవడానికీ కారు తలుపు తీయడానికీ చెయ్యి చాలక, ఒగినొమె సంచి కారు పైన పెట్టి మరిచిపోయాడు. ముద్రణాలయం దగ్గర దిగి చూస్తే పైన వాననీళ్ళు తప్ప ఏమీ లేవు. వచ్చిన దారినే కారు తిప్పి వెతికారు. కిటికీలు తెరవకుండా, వాన కదా.

"కంగారేం లేదు" అన్నాడు కుబొజోనో. "అది గుప్తలిపి. దొరికినవాడు ఏం చేసుకుంటాడు? లక్షేళ్ళు కూర్చున్నా తెరవలేడు."

"మరి పాస్‌వర్డ్?"

"వేరే కవరులో ఉంది."

"ఆ కవరు ఎక్కడుంది?"

కుబొజోనో ఒగినొమె వైపు చూశాడు. ఒగినొమె తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"వాన కదండీ... తడవని సంచి ఒక్కటే ఉంది... అందుకని రెండు కవర్లూ..."

"ఒకే సంచిలోనా?"

"మిజోబె గారూ" అన్నాడు కుబొజోనో నొచ్చుకున్నట్టు, "నిబంధనలో ఉన్నది కవర్ల గురించి. సంచి గురించి ఏమీ లేదు."

ఈ మనిషి ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీస్తాడు. పైగా చెవి తాళంలో లేదు కదా అంటాడు.

పోలీసు చౌకీలో చెప్పారా అని అడిగితే, చెబితే పోయినట్టు అధికారికంగా తేలిపోతుంది కనుక ఇంకా చెప్పలేదన్నాడు. నక్షత్రం ఉన్నవాళ్ళకు ముందుగా కబురు చేద్దామంటే, ప్రకటన పాఠం మేయరు గారు చూడకుండా ఎవరికీ ఏమీ చెప్పడానికి వీల్లేదన్నాడు. ఆ తర్వాత పని మొదలైంది. వెతకడం కాదు, క్షమాపణ. 'తీవ్రంగా విచారిస్తున్నాం' అనాలా, 'హృదయపూర్వకంగా' అనాలా. విలేకరుల ముందు ఎవరు ఎడమన నిలబడాలి. టై బూడిదరంగుదా, నల్లదా. కుబొజోనో అద్దం ముందు నిలబడి నడుము వంచాడు. వెనక ఒగినొమె వంచాడు.

"నువ్వు నాకంటే ముందు లేస్తున్నావయ్యా."

"మీరు ఎప్పుడు లేస్తారో వంగి ఉంటే కనపడదండీ."

"అయితే దగ్గుతాను. దగ్గితే లే."

"స్టాంపులు అయిపోయాయి. పోస్టాఫీసుకు వెళ్ళొస్తాను" అంది తత్సుయో. ఎవరూ వినలేదు. దగ్గు ఎంత గట్టిగా ఉండాలో తేలుస్తున్నారు.

వానకోటు తొడుక్కుని ఆవిడ తిన్నగా ఉదోన్ కొట్టుకు తొక్కింది. కొట్టు ముసలావిడ ఫుయు తలుపు దగ్గరే కూర్చుని ఉల్లికాడలు తరుగుతోంది.

"అవ్వా, పొద్దున మా ఆఫీసువాళ్ళు ఇద్దరు వచ్చారా?"

"ఎవరూ, సంతాపసభలో తింటున్నట్టు తిన్న ఆ ఇద్దరేనా? పెద్దాయన రొయ్య తినేసి తోక గిన్నె అంచున నిలబెట్టి పోయాడు, దానికీ ఏదో నిబంధన ఉన్నట్టు."

"వాళ్ళ కారు పైన సంచి చూశావా?"

"చూడ్డమేమిటే! నల్ల సంచి, ఎర్రతాడు. బండి కదులుతుంటే గొంతు చించుకుని అరిచాను. గరిటె పట్టుకునే పరిగెత్తి చేతులూపాను. అద్దంలోంచి చూశారు కూడా."

"చూసి?"

"వీడ్కోలు చెబుతున్నాననుకున్నారు కాబోలు. ఇద్దరూ లోపల్నుంచే చక్కగా తలలు వంచి దణ్ణం పెట్టి పోయారు."

తత్సుయోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊరి వందనాలన్నిటి మీదా ఒక్కసారిగా అసహ్యం పుట్టింది. ఎదుటిమనిషి ఏం అరుస్తోందో వినకుండా తల వంచే జాతి ఇది. వీళ్ళ చేతుల్లో పెట్టాను ఇబుకి బతుకు అనుకుంది.

రోడ్డు పక్క కాలువ చూసుకుంటూ, సైకిల్ నడిపించుకుంటూ రేవువైపు నడిచింది. గడ్డి కాలితో తప్పించింది. మామూలుగా ఈ ఊళ్ళో దారిలో ఏదైనా దొరికితే జేబులో వేసుకోరు. చేతితొడుగు దొరికితే కంచె కర్రకు తొడుగుతారు. పసిపిల్ల బూటు దొరికితే గోడ మీద పెడతారు. పోగొట్టుకున్నవాళ్ళు వచ్చిన దారినే వస్తారు కదా అని. కాని పాస్‌వర్డుతో సహా మూడు వేల ఇళ్ళ చిరునామాలు దొరికితే ఏం చేస్తారో ఆవిడకు తెలియదు. ఇబుకి మొగుడు ఈ జిల్లాలోనే ఎక్కడో లారీ తోలుతున్నాడని విన్నది మాత్రం గుర్తుంది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా దణ్ణం పెట్టడానికి తల ఎత్తింది.

జిజో మెడలో ఎర్రతాడు. తాడుకు నల్లసంచి, సరిగ్గా చొంగగుడ్డ ఉండాల్సిన చోట. వాన పడకుండా పైన ఎవరో దుకాణం ప్లాస్టిక్ కవరు తొడిగి, చెవులు ముడివేసి పోయారు.

ఆవిడ అక్కడే తడినేల మీద కూర్చుని సంచి తెరిచింది. రెండు కవర్లూ ఉన్నాయి. అంటించిన చోట వేసిన ముద్రలు చెక్కుచెదరలేదు. రెండో కవరు మీద పెద్ద అక్షరాలు: 'పాస్‌వర్డ్. వేరుగా తీసుకెళ్ళవలెను.'

ఆఫీసుకు పోకుండా ముందు చేపముద్దల కార్ఖానాకు పోయింది. ఇబుకి తెల్లటోపీ, రబ్బరు బూట్లతో బయటికి వచ్చి, ఆవిడను చూడగానే గోడకు ఆనుకుంది.

"వచ్చాడా?"

"లేదు లేదు. కాని ఒక సంగతి చెప్పాలి." జరిగిందంతా చెప్పింది. "కవర్లు తెరవలేదు. కాని సగం పూట రోడ్డున ఉంది. అది మీకు తెలియాలి."

ఇబుకి తెల్లటోపీ తీసి చేతిలో నలిపింది. "దొరికింది కదా. చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"నేను అని మీకు మాటిచ్చాను. ఆఫీసు అని కాదు."

"మీ ఆఫీసువాళ్ళకంటే ఆ సామి మెడ నయం" అంది ఇబుకి చివరికి. తర్వాత, మళ్ళీ ఊపిరి అందినదానిలా, "మా పిల్ల రోజూ అడుగుతుంది, ఆ సామికి గుడ్డ లేదేం, చలెయ్యదా అని" అంది.

తత్సుయో మొహం ఎర్రబడింది.

ఆఫీసులో సంచి బల్ల మీద పెట్టగానే కుబొజోనో మొహం దీపం పెట్టినట్టయింది.

"అయితే సంఘటన జరగలేదన్నమాట! ఎక్కడ దొరికింది?"

"జిజో మెడలో."

"అలా రాయలేం. 'సురక్షిత ప్రదేశంలో' అని రాయండి. ఇక ఎవరికీ చెప్పే పని లేదు."

"ఇబుకి గారికి చెప్పేశాను. నక్షత్రం ఉన్న మిగతావాళ్ళకూ ఇప్పుడు చెబుతాను."

"ఎవరి అనుమతితో?"

"అనుమతి వేరే కవరులో వస్తుందండీ" అని తత్సుయో ఫోను అందుకుంది.

ఆ వారాంతంలో నక్షత్రాలవాళ్ళను ఒక గదికి పిలిచి కుబొజోనో తల వంచాడు. బాగా అభ్యాసం చేసిన వంపు. దగ్గాడు, ఒగినొమె లేచాడు. ఇకపై పెన్‌డ్రైవ్ ఒక సంచిలో, పాస్‌వర్డ్ వేరే సంచిలో ఉంటాయని నిబంధన సవరించినట్టు ప్రకటించాడు.

వెనక వరుసలోంచి ఇబుకి అడిగింది. "రెండు సంచులూ ఒకే కారులోనాండీ?"

కుబొజోనో మళ్ళీ తల వంచాడు.

ఆదివారం తత్సుయో ఎర్రగుడ్డ కత్తిరించి, అంచు మడిచి, చేత్తోనే కుట్టింది. కుట్లు వంకరపోయాయి. అత్తగారు ఉంటే విప్పించి మళ్ళీ కుట్టించేది. మలుపు దగ్గర సైకిల్ ఆపి స్వామి మెడ వెనక ముడి వేసింది. కాపాడింది ఈ రాయా, ప్లాస్టిక్ కవరు తొడిగి పేరు చెప్పకుండా పోయిన ఆ మనిషా, ఇద్దరూ ఒకటేనా అన్నది ఇంకా తేలలేదు. గాలికి ఊడకుండా ఇంకో ముడి వేసి, గుడ్డను చేత్తో సాపు చేసింది.