బోల్తా కారులో మెల్కెర్

బడి నడవాలో ఆ పోస్టరు ముందు నుంచి ఇల్వా రోజుకు నాలుగుసార్లు నడవాల్సి వచ్చేది. "వాడు బెల్టు పెట్టుకోలేదు. నువ్వు పెట్టుకో" అని దాని మీద పెద్ద అక్షరాలు. వాడంటే ఎవడో ఊరంతటికీ తెలుసు. ఇల్వా తమ్ముడు ఎలిస్, పద్నాలుగేళ్లవాడు. మార్చిలో అదే బడి కుర్రాడు మెల్కెర్ నడిపిన ఎపా మంచు మీద జారి కాలవలోకి బోల్తాపడితే, ఎలిస్ అందులోంచి ఎగిరిపడి చచ్చిపోయాడు.

ఎపా అంటే పదిహేనేళ్లకే పిల్లల చేతికొచ్చే బండి. పాత కారు వెనక భాగం కోసి, ఎర్ర త్రికోణం తగిలించి, ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటకుండా బిగిస్తారు. ముప్ఫైలో ఎవడు చస్తాడని ఆ పిల్లల ధీమా.

ఒంటి మీద నాలుగు గీతలతో బయటపడ్డ మెల్కెర్ నెల తిరక్కుండానే సీటు బెల్టు ప్రచారానికి పెద్దదిక్కయ్యాడు. బడిని నడిపే రెక్టర్ గున్‌బ్రిట్ వాడిని తరగతి తరగతికీ తిప్పింది. బెల్టు పెట్టుకోరా అని చెప్పాననీ, ఎలిస్ నవ్వాడనీ గొంతు వణికించి చెప్పేవాడు. ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవారు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఎలిస్‌కు ఆ భాగ్యం కూడా దక్కలేదు. ఇంట్లో తండ్రి సైతం కొడుకు ఫోటో ముందు కూర్చుని, ఇంత తెలివితక్కువవాడివేంట్రా అని ఏడ్చేవాడు. అది వింటే ఇల్వాకు ఒళ్లు మండిపోయేది.

ఎలిస్ అలా నవ్వే రకం కాదు. పక్క వీధికి వెళ్లినా అందరూ బెల్టు పెట్టుకుంటేగాని కారు కదలనిచ్చేవాడు కాదు. ఏప్రిల్లో ఇల్వా తుక్కు కార్ల దొడ్డికి వెళ్లి ఆ బండిని చూసి వచ్చింది. ఎలిస్ కూర్చున్న సీటు బకిల్లో బెల్టు లేని ఉత్తి క్లిప్పు ఒకటి దిగబడి ఉంది. బెల్టు లేకపోతే అలారం మోగుతుంది, పాటలకు అడ్డం. అందుకని ఎపా కుర్రాళ్లు ఇలాంటి క్లిప్పులు కొని బకిల్లో తోసేస్తారు. మెల్కెర్ ఇంకో ఆకు ఎక్కువ చదివాడు, ఊడి రాకుండా జిగురు కూడా పోశాడు. పోలీసులకు చెబితే, అది ఎప్పుడు ఎవరు పెట్టారో ఎలా తేలుతుందని పెదవి విరిచారు. సరే, వాడి నోటితోనే చెప్పిస్తాను అనుకుంది.

ఇల్వా విద్యార్థుల భద్రతా ప్రతినిధి. మే నెల ప్రచార వారానికి బోల్తా కారు తెప్పిద్దామన్నదీ, ముందు మెల్కెర్‌నే కూర్చోబెడదామన్నదీ ఆమే. రెక్టర్ మురిసిపోయి తల్లిదండ్రులను కూడా పిలిచింది.

ఇనుప చట్రానికి బిగించిన కారు అది. మీట నొక్కితే తలకిందులవుతుంది, బెల్టు ఉంటే ఏమీ కాదని పిల్లలకు తెలుస్తుంది. దాన్ని తెచ్చిన స్టూరె జాగ్రత్తపరుడే. కానీ తొమ్మిదిన్నర అయింది. తొమ్మిదిన్నరకు కాఫీ దగ్గర లేనివాడిని ఆ ఊళ్లో ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. మీటల పెట్టె ప్రతినిధి చేతిలో పెట్టి, దాల్చినచెక్క బన్ను వెతుక్కుంటూ వెళ్లాడు.

ఇల్వా మీట నొక్కింది. కారు తలకిందులై ఆగింది. లోపల కూర్చున్న మెల్కెర్ పెదవి కింద దాచుకున్న పొగాకు పొట్లం జారి ముక్కు మీద పడింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఇల్వా మైకు అందుకుంది.

"మెల్కెర్, ఎలిస్ సీటుకి బెల్టు పడుతుందా?"

"చాల్లే, దించవే."

"అడిగింది చెప్పు. క్లిప్పు చూశాను నేను. జిగురు కూడా చూశాను."

నవ్వులు ఆగిపోయాయి. మెల్కెర్ ముఖం కందగడ్డలా అయింది. రెక్టర్ దించమని కేక వేసింది. ఇల్వా అటు చూడలేదు.

"పడదు," అన్నాడు చివరికి. "జిగురేశాను. వాడు బకిలు కోసం తడుముకున్నాడు. రెండుసార్లు అడిగాడు. ముప్ఫైలో ఎవడు చస్తాడ్రా, కూర్చో అన్నాను."

ఇల్వా తనకు జాలి వేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది. వేయలేదు. గుంపులోంచి ఇల్వా తండ్రి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పెట్టె లాక్కుంటాడని అందరూ అనుకున్నారు. లాక్కోలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, వేలాడుతున్నవాడిని తనూ చూస్తూ ఉండిపోయాడు. చివరికి స్టూరె కాఫీ ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొచ్చి కారును తిప్పాడు.

మధ్యాహ్నానికల్లా పోస్టరు గోడ దిగింది. ఇల్వా పదవీ ఊడింది. పోతే పోనీ అనుకుంది.

సాయంత్రం సైకిళ్ల దగ్గర మెల్కెర్ తల్లి మారిత్ ఆమెకు అడ్డం నిలబడింది. కొడుకు చేసినదాని గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

"నీకసలు గుండె ఉందా? నా బిడ్డ తలకిందులుగా వేలాడుతుంటే చూస్తూ నిలబడ్డావే. జారిపడి మెడ విరిగితే ఏం చేసేదానివి?"

"పడడు, మారిత్," అంది ఇల్వా. "వాడికి బెల్టు నేనే పెట్టాను. రెండుసార్లు లాగి చూశాను."