కనుబొమల నుంచి జుట్టు దాకా

పొద్దున్న ఆరుంపావుకు అద్దం ముందు నిలబడితే ఆరూ నలభైకి అక్కణ్ణుంచి కదులుతాను. ముందు జుట్టు తడిపి, దువ్వి, డ్రయ్యర్‌తో కిందికి వంచి, కనుబొమల మీదికి వచ్చి ఆగేలా స్ప్రే కొట్టాలి. ఆ పని చేస్తూనే కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటాను. మూడో కూతకు దువ్వెన నోట్లో పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి, పొయ్యి కట్టేసి వస్తాను. అత్తయ్య మాత్రలు, మా అమ్మాయి డబ్బా, మా ఆయన డబ్బా, నా డబ్బా ఆ తర్వాత.

ఆ రోజు మా ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గుడ్డసంచీ ఉంది.

"ఇంకా ఎంతసేపు? ఎలాగూ డాక్టరు ముందు ఎత్తి చూపించాల్సిందేగా. దానికింత సింగారం దేనికి?"

ఇంటికీ ఆస్పత్రికీ మధ్య రోడ్డుంది, బస్సుంది, గాలి ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. సంచీలో ఏముందని కూడా అడగలేదు.

నా నుదురు పెద్దది. కనుబొమల నుంచి జుట్టు మొదలయ్యే దాకా ఎనిమిది సెంటీమీటర్లు. చాలామందికి ఆరు దాటదు. ఈ కొలత నాకు డాక్టరు చెప్పక ముందే తెలుసు. బట్టల ఫ్యాక్టరీలో మార్కింగ్ సెక్షన్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. బట్ట మీద ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీయడం నా పని. గీసి, పక్కకు జరిగి, ఇంకోసారి చూసుకుని నేను "కానివ్వండి" అనేదాకా కటింగ్ మాస్టర్ మిషన్ మీద చెయ్యి వేయకూడదు. కోసిన బట్ట మళ్లీ అతుక్కోదు కాబట్టి మా సెక్షన్లో ఆ రూలు.

పెళ్లయిన కొత్తలో మా మరిది నాకు "అరెకరం" అని పేరు పెట్టాడు. భోజనాల దగ్గర అందరూ కూర్చుని ఉండగా, "వదినా, మీ అరెకరంలో ఈ ఏడు ఏం వేస్తున్నారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానుగదా అని ఆ పేరు ఖాయమైపోయింది. ఆ వారంలోనే ముందు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని నుదుటి మీదికి దించుకున్నాను. అప్పటి నుంచి వానలో తడవలేదు. ఈత కొలను దగ్గర మా అమ్మాయి చెప్పులకు కాపలా కూర్చున్నాను. ఫోటోల్లో రెండో వరసలో నిలబడ్డాను.

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీకి బయటి కంపెనీవాళ్లు వచ్చారు. నేను బల్ల మీద వంగి గీత ఎలా వేస్తామో చూపిస్తుంటే గోడ ఫ్యాను గాలికి జుట్టంతా లేచిపోయింది. వాళ్లు వెళ్లాక మేనేజర్ నన్ను పిలిచి, "మేడమ్, టోపీ లాంటిదేదైనా పెట్టుకోవచ్చు కదా. కాస్త నీట్‌గా ఉంటుంది" అన్నాడు. ఆయనకు నడినెత్తి దాకా జుట్టు లేదు. ఆయన్ని టోపీ పెట్టుకోమని ఎవరూ అనలేదు.

జుట్టు కిందికి దించి నుదురు తగ్గించే ఆపరేషన్ సంగతి నేను అనుకున్నది మాత్రం ఫ్యాక్టరీలో కాదు, బస్సులో. ఒక సాయంత్రం కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కిటికీ అద్దం ఇరుక్కుపోయింది, మూతపడలేదు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషిని, ఆ సీటు పక్కన నలభై నిమిషాలు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. దిగేటప్పుడు కండక్టర్, "ఏమ్మా, సీటు మీద ఏమన్నా పోసి ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంటికి నడుస్తుంటే ఒకటి అర్థమైంది. నాకు అందం అక్కర్లేదు, కూర్చోవడం కావాలి.

ఇంట్లో చెప్పాను. "నలభై మూడేళ్లకు ఎవరికి చూపించడానికి?" అన్నాడు మా ఆయన. "ఇన్నేళ్లు గడవలేదా, ఇప్పుడేం ముంచుకొచ్చింది?" అంది అత్తయ్య. వాళ్లిద్దరికీ జవాబు చెప్పడం పెద్ద కష్టం కాలేదు. కష్టమైంది మా అమ్మాయికి. దానికి పదిహేడేళ్లు. అచ్చంగా నా నుదురే. జుట్టంతా వెనక్కి లాగి రబ్బరు బ్యాండు వేసుకుని తిరుగుతుంది. "అమ్మా, నాదీ ఇంతే ఉంది. అంటే నాదీ బాలేనట్టేనా?" అంది.

నాలుగో రోజు బట్టలు మడతపెడుతూ చెప్పాను. "నీది బాగుంది. నాదీ బాగానే ఉండి ఉంటుంది. నిన్ను చూసి ఎవరూ నవ్వలేదు, నన్ను చూసి నవ్వారు. నేను దాచుకోవడం మొదలుపెట్టాను. ఇక దాచుకునే ఓపిక లేదు, జుట్టు పైకెత్తుకుని తిరిగే ధైర్యమూ లేదు." అది రెండు చొక్కాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "అయితే చేయించుకో. నాకోసమని మాత్రం మానకు. తర్వాత నన్ను తిట్టుకుంటావు" అంది.

నెల తిరిగేసరికి మా ఆయన మాట మార్చాడు. "సరే, చేయించుకో. డాక్టరుతో నేను మాట్లాడతాను. నీకు సరిగ్గా చెప్పడం రాదు" అన్నాడు. ఎందుకు మారాడో తెలియలేదు. ఇంట్లో గొడవ లేకుండా పోయింది కదా అనుకున్నాను. ఆ ఊరటలో ఇంకేమీ అడగకుండా డాక్టరును కలిసే రోజు ఖాయం చేసుకున్నాను.

ఆ రోజు మేం కలిసిన డాక్టరు ఆడమనిషి. నర్సు నా ముందు జుట్టు పైకెత్తి రెండు క్లిప్పులు పెట్టింది. డాక్టరు స్కేలు ఆనించి కొలిచి, కాగితం మీద రాసుకుంది.

"జుట్టు రాలడం ఉందా?" అని నన్ను అడిగింది.

"రాలడమేంటి మేడమ్, సగం పోయింది" అన్నాడు మా ఆయన. "పెళ్లప్పుడు ఇలా లేదు. మీరే చూడండి."

సంచీలోంచి తువ్వాలు చుట్టిన ఫ్రేము తీశాడు. మా పెళ్లి ఫోటో. హాల్లో గోడకుండేది. పొద్దున్న నేను వంటింట్లో ఉన్నప్పుడు తీసి ఉంటాడు. దాన్ని బల్ల మీద డాక్టరు వైపు తిప్పి, ఫోటోలో నా తల మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, అప్పుడు ఇక్కడిదాకా ఉండేది. మళ్లీ ఇలా చేసేయండి, చాలు."

డాక్టరు ఫోటో చూసింది. నన్ను చూసింది. పెన్ను పక్కన పెట్టింది.

"ఇది నిజమైతే నేను ఆపరేషన్ చేయలేను. వెనక్కి పోతున్న జుట్టును కిందికి దించినా అది మళ్లీ పోతుంది. అప్పుడు కోసిన చోట మచ్చ మాత్రం బయటికి కనబడుతుంది."

"అదేంటి మేడమ్, ఇంతదూరం వచ్చాక?" అన్నాడు మా ఆయన.

బస్సులో నిలబడి మొదలుపెట్టిన పని, కూతురికి జవాబు చెప్పుకుని తెచ్చుకున్న పని, ఆయన నోటి నుంచి వచ్చిన రెండు మాటలకు ఆగిపోతోంది. పైగా ఆయన అబద్ధం చెప్పడం లేదు. నమ్మి చెబుతున్నాడు.

ఆ ఫోటో సంగతి నాకు తెలుసు. పెళ్లయిన రెండో వారం అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకు వెళ్లింది. స్టూడియో అతను కంప్యూటర్ ముందు కూర్చుని మౌసుతో నా జుట్టు కిందికి లాగుతుంటే, అత్తయ్య అతని కుర్చీ వెనక నిలబడి, "ఇంకాస్త, ఇంకాస్త, ఆఁ చాలు" అంది. దారిలో, "వాడికి చెప్పకు. మగాళ్లకు ఇవన్నీ అర్థం కావు" అంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నా పక్షాన ఒక మనిషి ఉందనుకున్నాను. పెళ్లికి ముందు ఆయన నన్ను చూసింది రెండుసార్లు. రెండుసార్లూ మా అమ్మ నా జుట్టు ముందుకు దువ్వి కూర్చోబెట్టింది. తర్వాత ఇంట్లో చూశాడు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను. అంతే అనుకున్నాను, ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆయన మాటలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. "ఆ షాంపూ మానెయ్, ఉన్నది కూడా పోతుంది." "ఫ్యాక్టరీ దుమ్ముకు జుట్టంతా ఊడింది. ఉద్యోగం మానెయ్ అంటే వినవు." "నీ ఒళ్లు నువ్వు చూసుకోకపోతే ఎవరు చూస్తారు?" అన్నిటికంటే ఎక్కువసార్లు అన్నది, టీవీ చూస్తూ గోడ వైపు తల తిప్పి అన్నది: "పెళ్లప్పుడు ఎంత బాగుండేదానివి." పందొమ్మిదేళ్లుగా ఆయన దృష్టిలో నేను ఒక వస్తువు పారేసుకున్న మనిషిని. పారేసుకోవడానికి అది నా దగ్గర ఎప్పుడూ లేదు.

"ఆ ఫోటో దిద్దిందండి" అన్నాను డాక్టరుతో. "నా నుదురు చిన్నప్పటి నుంచీ ఇంతే."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" అన్నాడు మా ఆయన. "దిద్దడమేంటి? ఆ పెళ్లికొడుకును నేను కాదా?"

"అత్తయ్యను అడుగుదాం."

ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుంది గాని బయటికి వెళ్లమనలేదు. అవతల టీవీ మోగుతోంది.

"మాత్ర వేసుకున్నానులే అమ్మాయ్" అంది అత్తయ్య ఫోన్ ఎత్తుతూనే.

"అందుకు కాదత్తయ్యా. హాల్లో పెళ్లి ఫోటో..."

"అదేదమ్మా? పొద్దున్నుంచీ గోడ బోసిగా ఉంది. దొంగలు పడ్డారేమో అనుకున్నా. టీవీ వదిలేసి ఫోటో ఎత్తుకుపోయిన దొంగెవడా అని ఆలోచిస్తున్నా."

"మీ అబ్బాయి తెచ్చారు. అందులో నా నుదురు మీరు స్టూడియోలో దిద్దించారు కదా?"

టీవీ చప్పుడు తగ్గింది.

"వాడు పక్కనున్నాడా?"

"ఉన్నారు. వింటున్నారు."

"ఇప్పుడెందుకవన్నీ? నీ మంచికేగా చేశాను. వచ్చేపోయేవాళ్లు ఫోటో చూసి నిన్నేమీ అనకూడదని. వాడు కూడా ఆ కొత్తలో ముభావంగా తిరిగేవాడు. అన్నం దగ్గర కూడా మాట్లాడేవాడు కాదు. ఫోటో వచ్చి గోడకెక్కాక మామూలు మనిషయ్యాడు. అది నీకు మేలు కాదా?"

"ఉంటానత్తయ్యా" అని పెట్టేశాను.

మా ఆయన ఫోటో వైపే చూస్తున్నాడు. డాక్టరు లేచి వచ్చి, నా జుట్టు నాలుగు చోట్ల వేళ్లతో పట్టి లాగింది. ఒక్కటీ ఊడి రాలేదు. భూతద్దం పెట్టి కుదుళ్లు చూసింది.

"రాలడం లేదు. పుట్టుకతో ఉన్నదే. చేయొచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా అమ్మాయికి" అన్నాను.

"అది మా నాన్న పోలిక. తెలివైనవాళ్ల నుదురది..." అన్నాడు మా ఆయన. వాక్యం అలవాటుగా వచ్చేసింది. సగంలో ఆపేశాడు.

డాక్టరు ఊదారంగు పెన్ను తీసింది. ఎక్కడికి దించాలో చూడటానికి ఆమె కళ్లు కూడా ఒకసారి ఫోటో మీదికి వెళ్లాయి. నేను ఫ్రేమును బోర్లా తిప్పాను.

"దాన్ని చూడకండి. అది మా అత్తయ్య చెప్పిన కొలత."

"రెండు సెంటీమీటర్లు దించగలను" అందామె.

"ఒకటిన్నర చాలు. తిన్నగా గీయకండి. ఎడమ వైపు నాకు చిన్న వంపుంది, దాన్ని అలాగే ఉంచండి. తిన్నగా కోస్తే కుట్టు అని దూరం నుంచే తెలిసిపోతుంది."

ఆమె నా మెడలో టేపు చూసింది. సెలవు పెట్టినా అలవాటున వేసుకొచ్చేశాను. గీత గీసి నాకు అద్దం ఇచ్చింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని ఇంకోసారి చూసుకున్నాను. నెలల తరబడి నెత్తి మీద తిమ్మిరి ఉండొచ్చని, మచ్చ ఎర్రదనం తగ్గడానికి టైము పడుతుందని, మూడు వారాలు పనికి వెళ్లకూడదని చెప్పింది. చివరికి, మా ఆయన వైపు చూడకుండా, "ఇదంతా విన్నాక కూడా కావాలా? కావాలంటే ఆలోచించుకుని రండి" అంది.

ఆలోచించాను. ఇప్పుడు నేను లేచి, జుట్టు వెనక్కి దువ్వుకుని, అక్కర్లేదని వెళ్లిపోతే కథ బాగుంటుంది. ఆయనకు బుద్ధి చెప్పినట్టు ఉంటుంది. కానీ ఇంకో పాతికేళ్లు నేను ఆయనకు బుద్ధి చెబుతూ బస్సులో నిలబడాలి. ఆయన కోసం చేయించుకోవడం ఎంతో, ఆయన మీద కోపంతో మానుకోవడమూ అంతే.

"సోమవారం కానివ్వండి" అన్నాను.

సంతకాలు చేసి బయటికొచ్చాను. ఆయన ముందే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఫోటో మళ్లీ తువ్వాల్లో చుట్టి ఉంది. పక్క బెంచీల మీద అయిదారుగురు ఉన్నారు. నేను క్లిప్పులు తీయలేదు. ఊదా గీత కూడా అలాగే ఉంది.

"అయితే మొదటి నుంచీ ఇలాగే ఉందా?" అన్నాడు నేల చూస్తూ.

నేను ఆయనకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చూడండి" అన్నాను. "సోమవారం తర్వాత ఇది ఉండదు."

"ఇక్కడా?" పక్క బెంచీల వైపు చూశాడు. "జనం ఉన్నారు. ఇంటికెళ్లాక చూస్తాలే."

"ఇక్కడే. తొందరేం లేదు."